టర్బో పైపులో నూనె కనబడితే మొదట అనుమానించవలసింది టర్బోను కాదు

పొదిలి నుంచి ఒక మిత్రుడు అడిగిన విషయం ఇది. ఆయనది 2011 మోడల్ టాటా మాంజా, క్వాడ్రాజెట్ 90 డీజిల్. బండి లక్షన్నర కిలోమీటర్లు దాటింది. పికప్ తగ్గిందని షెడ్డుకు తీసుకువెళ్తే, ఇంటర్‌కూలర్ (ఇంజనులోకి పోయే గాలిని చల్లబరిచేది) నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు పైపు ఊడదీసి చూపించారు. లోపలంతా నల్లటి నూనె. టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) పోయిందని, ఇంజనులో బ్యాక్ కంప్రెషన్ కూడా ఉందని, రెండు పనులూ చేయించక తప్పదని చెప్పారు. ఆ ఖర్చుకు బండి అమ్ముకోవడమే నయం కదా అని ఆయన దిగులు. ఆయనకే చెబుతున్నాను, అమ్మే ముందు ఇది పూర్తిగా చదవండి.

నెల్లూరు ఆటోనగర్‌లో డీజిల్ ఇంజన్ల మీదే నా జీవితం గడిచింది. ఈ ఫిర్యాదుతో వచ్చిన బండ్లలో టర్బో నిజంగా పాడైనవి తక్కువ. పైపులో నూనె ఉండటం వేరు, టర్బో నూనె కక్కడం వేరు. ఈ రెంటికీ తేడా చూడకుండా టర్బో మార్చేస్తే, అసలు కారణం ఇంజనులోనే ఉండిపోయి కొత్త టర్బోను కూడా తినేస్తుంది. నన్ను బాధపెట్టేది ఈ రెండో సంగతే. అప్పు చేసి టర్బో వేయించుకున్నవాళ్లు ఏడాది తిరగకుండా మళ్లీ అదే పైపు ఊడదీసి చూసుకోవలసి రావడం అన్యాయం.

ముందు ఆ నూనె అక్కడికి ఎలా వస్తుందో చెబుతాను. ఏ ఇంజనులోనైనా, కొత్తదానిలోనైనా సరే, సిలిండరులో మండిన వాయువు కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారుతుంది. దాన్నే మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. టర్బో ఉన్న డీజిల్‌లో సిలిండరు లోపలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఇది మరికొంత ఎక్కువగా ఉంటుంది. ఆ వాయువు కింద చాంబరులో చిమ్ముతున్న వేడి నూనెను సన్నటి తుంపరగా తనతో మోసుకుని పైకి వస్తుంది. దానికి బయటికి దారి ఉండాలి, లేకపోతే ఒత్తిడి పెరిగి సీళ్లు తన్నుకుపోతాయి. ఆ దారే బ్రీదర్ పైపు. పాత లారీల్లో ఈ పైపు ఇంజను పక్కనుంచి నేల వైపు వేలాడుతూ రోడ్డు మీద నూనె బొట్లు రాల్చేది. లారీ ఆగినచోట నల్లటి మచ్చలు పడేవి. కాలుష్య నిబంధనలు వచ్చాక ఆ వాయువును గాలిలోకి వదలకూడదు, ఇంజనులోనే మండించాలి అన్నారు. అందుకని బ్రీదర్ పైపును ఎయిర్ ఫిల్టరుకూ టర్బోకూ మధ్యన కలిపారు. దారిలో నూనెను వేరుచేసే అర ఒకటి పెట్టారు గానీ అది మొత్తం నూనెను ఆపలేదు. మిగిలిన తుంపర టర్బోలోకి వెళ్తుంది, అక్కడ గాలితో పాటు వేడెక్కుతుంది, ఇంటర్‌కూలరులో చల్లబడి చుక్కలవుతుంది, పల్లంగా ఉన్న చోట నిలుస్తుంది. కాబట్టి ఇంటర్‌కూలర్ అడుగున, కింది పైపు వంపులో నూనె కనబడటం ఈ ఇంజన్ల నిర్మాణంలోనే ఉంది. దాన్ని చూసి భయపడనక్కరలేదు.

రంగు చూసి కూడా ఏమీ తేల్చలేం. డీజిల్ ఇంజనులో నూనె మార్చిన కొద్దిరోజులకే మసి కలిసి నల్లబడుతుంది. "నల్లగా ఉంది కాబట్టి టర్బోదే" అనే మాటకు అర్థం లేదు.

అసలు మడ్డి తయారయ్యేది ఇంటర్‌కూలర్ దాటాక, సిలిండర్లకు గాలిని పంచే మానిఫోల్డులో. అక్కడ ఈజీఆర్ వాల్వు పొగ గొట్టం నుంచి కొంత పొగను వెనక్కి తెచ్చి లోపలికి పోయే గాలిలో కలుపుతుంది. మంట వేడి తగ్గించి నైట్రోజన్ ఆక్సైడులు తగ్గించడం దాని పని. కానీ ఆ పొగతో మసి వస్తుంది. ఇటు బ్రీదర్ నుంచి నూనె జిడ్డు వస్తుంది. వంటింట్లో పొయ్యి పైనున్న గోడకు తాలింపు ఆవిరి అంటి, దాని మీద పొగ పేరుకుని గీకినా రాని పొర ఎలా అవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. రెండింటిలో ఏదో ఒకటే ఉంటే ఇంత గట్టిగా పేరుకోదు. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన ఇంజను మానిఫోల్డు తీస్తే గాలి పోయే దారి సగానికి కుంచించుకుపోయి కనిపించడం మాకు అలవాటే. మీ బండి తిరిగిన తొలి ఏళ్లలో డీజిల్ కూడా ఇప్పటిది కాదు. బీఎస్-3 (భారత కాలుష్య ప్రమాణాల్లో మూడో దశ) డీజిల్‌లో గంధకం 350 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 350, వరకు ఉండనిచ్చేవారు. బీఎస్-4లో అది 50కి, 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా వచ్చిన బీఎస్-6లో 10కి దిగింది. మీ మానిఫోల్డులోని పాత పొరలు ఆ కాలానివి.

ఇక టర్బో విషయం. దాని షాఫ్టు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరగగలదు. చిన్న కార్ల టర్బోలలో ఇది మామూలు. అంత వేగంలో రబ్బరు సీలు నిలవదు. అందుకే షాఫ్టుకు రెండు వైపులా పిస్టన్ రింగులాంటి సన్నని లోహపు రింగులు ఉంటాయి. అవి బిగుతుగా పట్టుకుని ఆపేవి కావు. లోపల నూనె వైపు ఒత్తిడి తక్కువగా, బయట గాలి వైపు ఒత్తిడి ఎక్కువగా ఉన్నంతవరకే పనిచేస్తాయి. ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం జబ్బు అర్థమైనట్టే. ఆ ఒత్తిళ్ల లెక్క తారుమారైతే బాగున్న టర్బో కూడా నూనె వదులుతుంది. మూడు కారణాల వల్ల ఇది జరుగుతుంది. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఉంటే టర్బో గాలిని గట్టిగా లాగాల్సి వచ్చి, ఆ పీల్పుకు నూనె బయటికి వస్తుంది. టర్బో నుంచి నూనె కిందికి దిగే పైపు నలిగినా, లోపల మాడి సన్నబడినా నూనె దిగలేక వెనక్కి నిలిచి సీళ్ల మీదుగా పొంగుతుంది. ఆ పైపులో నూనెను తోసే పంపు ఏదీ లేదు, వాలును బట్టి దిగవలసిందే. మూడోది, బ్రీదర్ మూసుకుపోయి ఇంజను చాంబరులో ఒత్తిడి పెరిగితే ఆ ఒత్తిడే దిగే నూనెకు అడ్డం పడుతుంది. ఈ మూడింటిలోనూ తప్పు టర్బోది కాదు. కానీ నూనె మాత్రం టర్బో మూతిలోనే కనబడుతుంది, నింద దానిమీద పడుతుంది.

మన ప్రాంతంలో ఎయిర్ ఫిల్టరు సంగతి మరీ ముఖ్యం. మీరు పొదిలి నుంచి ఒంగోలుకు చీమకుర్తి మీదుగా తిరుగుతూ ఉంటారు. అక్కడి గెలాక్సీ గ్రానైటు క్వారీల దుమ్ము, రాళ్ల లారీలు లేపే దుమ్ము మామూలు మట్టి కాదు. గట్టి రాతి పొడి. ఫిల్టరులో ఏ చిన్న సందు దొరికినా దూరి టర్బో చక్రం రెక్కల అంచులను అరగదీస్తుంది, అక్కడినుంచి సిలిండరులోకి వెళ్లి రింగులను అరగదీస్తుంది. అప్పుడు వచ్చే బ్యాక్ కంప్రెషన్ నిజమైన జబ్బు. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క శుభ్రమైన రోడ్లకు. ఈ దారిలో తిరిగే బండికి అందులో సగానికే ఫిల్టరు మార్చమని నా సలహా. ఫిల్టరును నేలకేసి కొట్టి దులపడం మానండి. కాగితం మడతలు చీలితే కంటికి కనబడదు. పెట్టె మూత క్లిప్పులు సరిగ్గా పడ్డాయో లేదో వేలితో తడిమి చూడండి. ఫిల్టరు దాటిన తరువాత పైపు లోపలి గోడకు తెల్ల గుడ్డ పెట్టి తుడవండి. గుడ్డకు దుమ్ము అంటితే మిగతా పనులన్నీ ఆపి ముందు ఆ సందు వెతకాలి.

ఇక పరీక్షల సంగతి. వీటికి పెద్ద యంత్రాలు అక్కరలేదు, ఓపిక కావాలి.

మొదట చూడవలసింది ఎంత నూనె ఉందనే. ఇంటర్‌కూలర్ విప్పించి తలకిందులు చేసి ఒక గిన్నెలోకి వంచండి. ఏళ్ల తరబడి విప్పని ఇంటర్‌కూలరులో రెండు మూడు చెంచాల నూనె వస్తే నేను పట్టించుకోను. టీ గ్లాసు నిండా వస్తే ఆలోచించాలి. అరలీటరు వస్తే బండి నడపడం అక్కడితో ఆపాలి. ఎందుకో కింద చెబుతాను. దీనితోపాటు నూనె మట్టం లెక్క కావాలి. మీ 1,248 సీసీ ఇంజనులో మొత్తం నూనె మూడు లీటర్లకు కాస్త అటూ ఇటూ. అంత తక్కువ నూనెతో నడిచే ఇంజనులో అరలీటరు తగ్గడం చిన్న విషయం కాదు. బండిని చదునైన చోట నిలిపి, ఉదయం స్టార్టు చేయకముందే కడ్డీ తీసి గుర్తు పెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్ల తరువాత మళ్లీ అదే చోట, అదే వేళకు చూడండి. వంద మిల్లీలీటర్ల లోపు తగ్గితే ఈ వయసు ఇంజనుకు అది ఆరోగ్యమే. నూనె గరిష్ఠ గీత దాటి ఉంటే మాత్రం అదే మీ జబ్బు కావచ్చు. సర్వీసులో ధారాళంగా పోసేస్తుంటారు. ఎక్కువైన నూనె క్రాంకు తాకిడికి నురగై బ్రీదర్ గుండా పైకి వెళ్తుంది. అదనపు నూనె తీసేయడం ఒక్కటే దానికి వైద్యం.

రెండోది ఎక్కడ తడి ఉంది అన్నది. నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. ఎయిర్ ఫిల్టరు నుంచి టర్బో దాకా వెళ్లే పైపు విప్పండి. అందులో బ్రీదర్ పైపు కలిసే చోటు ఒకటి ఉంటుంది. ఆ కలయికకు ముందు పొడిగా ఉండి, తరువాత తడిగా ఉండి, టర్బో మూతి దాకా ఆ తడి సాగితే నూనె బ్రీదర్ నుంచి వస్తోందని అర్థం. బ్రీదర్ కలయిక దగ్గరా టర్బో మూతిలోనూ పొడిగా ఉండి, టర్బో దాటిన తరువాత పైపులో మాత్రమే చెమ్మ కనిపిస్తే అప్పుడు టర్బో సీలును అనుమానించాలి. మీ షెడ్డులో విప్పి చూపించింది టర్బో, ఇంటర్‌కూలర్ రెండూ దాటిన తరువాతి పైపు. అక్కడికి రెండు దారుల నూనే చేరుతుంది. ఆ ఒక్క పైపు చూసి ఎవరూ ఏదీ తేల్చలేరు.

అప్పటికీ తేలకపోతే పైపులూ ఇంటర్‌కూలరూ కడిగించి, బ్రీదర్ పైపును టర్బో వైపు నుంచి విడదీసి, మూతకు చిల్లు ఉన్న ఒక సీసాలోకి పెట్టండి. సీసా వేడి పొగ గొట్టానికి దూరంగా కట్టాలి. విడదీసిన చోట పైపుకు ఏర్పడిన రంధ్రాన్ని రబ్బరు బిరడాతో గట్టిగా మూయడం మరచిపోకండి, లేకపోతే దుమ్మంతా అక్కడినుంచే లోపలికి పోతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి విప్పి చూడండి. సీసాలో నూనె చేరి పైపులు పొడిగా ఉంటే టర్బో నిర్దోషి. సీసా దాదాపు ఖాళీగా ఉండి టర్బో తరువాతి పైపు మళ్లీ తడిస్తే నూనె వస్తున్నది టర్బో దగ్గరినుంచే. ఇది పరీక్ష కోసం మాత్రమే. ఆ వాయువును శాశ్వతంగా గాలిలోకి వదిలే ఏర్పాటుగా దీన్ని ఉంచకండి.

బ్యాక్ కంప్రెషన్ అని తేల్చడానికి చాలామంది చేసే పని ఒకటుంది. ఇంజను ఐడిల్‌లో ఉండగా నూనె పోసే మూత తీసి, దాన్ని బోర్లించి పెట్టి, ఎగిరిందా లేదా చూస్తారు. పాత బండ్ల సంతల్లో కూడా ఇదే కొలత. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. టర్బో డీజిల్‌లో కొద్దిగా ఆవిరి రావడం, మూత కాస్త ఆడటం సహజం. పొగ దట్టంగా, తెరలు తెరలుగా తన్నుకొస్తే, నూనె కొలిచే కడ్డీని కూడా పైకి నెట్టేస్తుంటే అప్పుడు ఆలోచించాలి. అప్పుడు కూడా రింగులే అరిగాయని అనుకోకండి. ముందు బ్రీదర్ పైపు, అందులోని నూనె వేరుచేసే అర శుభ్రం చేయించి మళ్లీ చూడండి. ఇంకొకటి చాలామందికి తట్టదు. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరుకు వాక్యూమ్ ఇచ్చే పంపు తాను లాగిన గాలిని ఇంజను లోపలికే వదులుతుంది. బూస్టరో దాని పైపో ఎక్కడైనా కారుతుంటే ఆ పంపు ఆగకుండా గాలిని ఇంజనులోకి తోస్తూ ఉంటుంది. బయటినుంచి చూసేవారికి అది అచ్చం రింగులు అరిగిన ఇంజనులాగే కనబడుతుంది. వాక్యూమ్ పైపు నొక్కిపట్టి తేడా చూడటానికి ఐదు నిమిషాలు చాలు. ఇవన్నీ అయ్యాక కంప్రెషన్ గేజితో నాలుగు సిలిండర్లూ కొలిచి, అంకెలు మీకు కాగితం మీద రాసివ్వమనండి. ఒక సిలిండరు మిగతా వాటికంటే బాగా తక్కువ చూపినా, నాలుగూ ఉండవలసినదానికంటే తక్కువ చూపినా అప్పుడే ఇంజను దించే మాట ఎత్తాలి.

టర్బో షాఫ్టును చేత్తో పట్టుకుని "ఆడుతోంది, పోయింది" అనడం కూడా తరచూ వింటుంటాం. నూనె ఒత్తిడి లేనప్పుడు ఆ షాఫ్టు పక్కలకు కాస్త ఆడాలి. నూనె పొర మీద తేలుతూ తిరిగే బేరింగు అది, కాబట్టి ఆ సందు ఉండవలసిందే. ముందుకూ వెనక్కూ ఆడటం మాత్రం దాదాపు ఉండకూడదు. చక్రం రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉన్నా, రెక్కల అంచులు అరిగి చెక్కుకుపోయినా, ముందుకూ వెనక్కూ ఆట వేలికి తగులుతున్నా టర్బో పని అయిపోయినట్టే. నడిచేటప్పుడు సన్నని ఈలలాంటి శబ్దం అంబులెన్స్ సైరనులా మారితే కూడా అంతే.

మీ అసలు ఫిర్యాదు పికప్ గురించి. పైపులోని నూనె పొర వల్ల పికప్ పడిపోవడం అరుదు. పడిపోయేది గాలి కారడం వల్ల. నూనె తగిలి తగిలి మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, క్లిప్పు దగ్గర జారుతుంది, వంపులో చీలుతుంది. ఐడిల్‌లో ఆ చీలిక మూసుకుని ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుంటుంది. అప్పుడు నల్ల పొగ, బండి లాగకపోవడం. ఆ చీలిక ఎక్కడుందో వెతకడానికి ఈ నూనే మనకు సాయం చేస్తుంది. పైపుల వెలుపల, క్లిప్పుల దగ్గర నూనె చెమ్మ మీద దుమ్ము అంటుకుని నల్లటి మరకగా ఉన్న చోటు చూడండి. గాలి కారుతున్నది అక్కడే. పైపు మార్చేటప్పుడు నూనెను తట్టుకునే రకం, కంపెనీదే, తీసుకోండి. దాని తరువాత మానిఫోల్డు మీద గాలి ఒత్తిడి కొలిచే సెన్సరు విప్పించండి. దాని ముక్కు మడ్డితో మూసుకుపోతే కంప్యూటర్‌కు తప్పు లెక్క వెళ్లి ఇంజను శక్తిని తగ్గించేస్తుంది. మీ 90 హార్స్‌పవర్ రకంలో టర్బో రెక్కలు కోణం మార్చుకునేవి. మసి పట్టి అవి బిగుసుకున్నా, వాటిని కదిలించే వాక్యూమ్ గొట్టం పగిలినా ఇదే లక్షణం. వందల రూపాయల్లో తేలిపోయే ఈ మూడు చూడకుండా వేల రూపాయల టర్బో మాట ఎత్తడం సరికాదు.

కడగడం గురించి గట్టిగా చెప్పవలసినవి ఉన్నాయి. ఇంటర్‌కూలరును బండి నుంచి విప్పి, కిరోసిన్ గానీ జిడ్డు వదిలించే ద్రావణం గానీ పోసి, ఊపి, వంచి, తేట ద్రవం వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. తరువాత ఒక రోజంతా ఎండలో నిలువుగా పెట్టి ఆరనివ్వాలి. లోపల కిరోసిన్ తడి మిగిలితే ఇంజను దాన్ని ఇంధనంగా తాగి అదుపు తప్పి తిరుగుతుంది. రేడియేటర్ షాపులో ఇస్తే కాస్టిక్ సోడా తొట్టెలో ముంచవద్దని ముందే చెప్పండి. ఇంటర్‌కూలర్ అల్యూమినియం, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. మానిఫోల్డునూ ఈజీఆర్ వాల్వునూ కూడా విప్పి బయటే కడగాలి, గాస్కెట్లు కొత్తవి వేయాలి. బిగించి ఉండగానే స్క్రూడ్రైవరుతో మసి గీకితే ఆ పెళ్లలు వాల్వుల మీద పడతాయి. నడుస్తున్న డీజిల్ ఇంజను గాలి పైపులో క్లీనరు స్ప్రే కొట్టే పద్ధతి ఒకటి వీడియోల్లో తిరుగుతోంది. దాని జోలికి పోవద్దు. పేరుకున్న నూనె ఒక్కసారిగా కరిగి సిలిండరులోకి వెళ్తే ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను.

డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు లేదు. లోపలికి వచ్చిన గాలిలో మండే పదార్థం ఏది ఉన్నా కంప్రెషన్ వేడికి దానంతట అదే మండుతుంది. ఇంటర్‌కూలరులో నిలిచిన నూనె ఒక్కసారిగా పైకి లాగబడితే, లేదా టర్బో నూనెను ధారగా వదిలితే, ఇంజను ఆ నూనెతోనే నడుస్తుంది. తాళం తిప్పేసినా చాలా బండ్లలో ఆగదు, ఎందుకంటే తాళం ఆపేది డీజిల్‌ను, నూనెను కాదు. వేగం పెరుగుతూ పోయి ఇంజను ముక్కలయ్యేదాకా సాగవచ్చు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు, చాలాసేపు గట్టిగా లాగించినప్పుడు నిలవున్న నూనె కదిలే ప్రమాదం ఎక్కువ. అందుకే అరలీటరు నూనె ఉంటే బండి ఆపమన్నాను. మీకు ఎప్పుడైనా యాక్సిలరేటర్ వదిలినా ఇంజను వేగం పెరుగుతూ, వెనుక నీలం తెలుపు పొగ కమ్మేస్తుంటే, క్లచ్ తొక్కి బండిని పక్కకు ఆపండి. బ్రేకు బలంగా తొక్కి పట్టుకోండి, చేతి బ్రేకు లాగండి, పై గేరు, అంటే ఐదో గేరు వేసి క్లచ్ ఒక్కసారిగా వదలండి. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. ముందు మనుషులెవరూ లేకుండా చూసుకోండి. గాలి పైపు మూతికి చేయి, గుడ్డ అడ్డం పెట్టే సాహసం ఎవరూ చేయవద్దు. ఆ పీల్పు చేతిని వదలదు. గేరుతో ఆగకపోతే అందరినీ దించి దూరంగా వెళ్లిపోండి. ఇంజను పోతే పోయింది. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఈ పద్ధతి నేర్పండి.

ఈజీఆర్‌కు రేకు అడ్డం పెట్టి మూసేద్దామా అని కూడా చాలామంది అడుగుతారు. మడ్డి తగ్గుతుంది, నిజమే. కాలుష్య పరీక్షలో డీజిల్ బండ్లకు చూసేది పొగ నల్లదనాన్నే కాబట్టి ఆ పరీక్ష కూడా దాటిపోతుంది. అయినా నేను చేయను. నైట్రోజన్ ఆక్సైడులు కంటికి కనబడవు, పీల్చేది మన ఊరి పిల్లలే. పైగా కంప్యూటర్ ఉన్న ఇంజనులో హెచ్చరిక దీపం వెలుగుతుంది. లక్షకోసారి కడిగిస్తే సరిపోయేదానికి ఇది పరిష్కారం కాదు. బ్రీదర్ దారిలో నూనె పట్టే డబ్బా పెట్టించడం మంచిదే, కానీ లోపల అరలు ఉన్న మంచిది పెట్టి, నెలకోసారి వంపగలిగే ఓపిక ఉన్నవారికి మాత్రమే. నిండిపోయిన డబ్బా మూసుకుపోయిన బ్రీదర్‌తో సమానం.

నూనె విషయంలో పుస్తకంలో రాసిన గ్రేడు, ప్రమాణం రెండూ చూసి కొనండి. నూనెను 250 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి ఎంత ఆవిరైందో కొలిచే నోయాక్ పరీక్ష ఒకటుంది. ఐరోపా కార్ల కంపెనీల సంఘం పెట్టిన ఏసీఈఏ ఏ3/బీ4 ప్రమాణంలో అది 13 శాతం దాటకూడదు. పేరు లేని డబ్బాల నూనెకు ఇలాంటి హామీ ఉండదు, ఆవిరైనదంతా చేరేది మీ ఇంటర్‌కూలరుకే. ఎండలు 44, 45 డిగ్రీలు తాకే ఒంగోలు, నెల్లూరు వేసవిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. రొయ్యల చెరువుల దగ్గర ఏసీ వేసుకుని గంటలకొద్దీ ఇంజను నడుపుతూ కూర్చునే అలవాటు కూడా మానాలి. ఐడిల్‌లో టర్బో గాలి వైపు ఒత్తిడి దాదాపు ఉండదు, సీళ్లు చెమర్చేది అప్పుడే. ఘాటు ఎక్కి దిగాకా, హైవే మీద వేగంగా వచ్చాకా మాత్రం ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. వేడి టర్బోలో నిలిచిన నూనె మాడి, దిగే పైపును మూసేయకుండా ఉంటుంది.

ఇన్ని పరీక్షలూ చేశాక టర్బోనే మార్చవలసి వస్తే, పక్కన నిలబడి చేయించుకోండి. నూనె వచ్చే సన్నపైపు కొత్తది వేయాలి. దాని బోల్టులో జల్లెడ ఉంటే మసి పట్టి ఉంటుంది, అది చూడాలి. దిగే పైపును విప్పి శుభ్రం చేయాలి. ఆ జాయింటుకు సిలికాన్ గమ్ పూయనివ్వకండి, లోపలికి ఒత్తుకున్న గమ్ ముక్క ఆ దారినే మూస్తుంది, కంపెనీ గాస్కెట్ వేయాలి. ఇంటర్‌కూలరు, పైపులు కడిగి ఆరబెట్టాకే బిగించాలి. పాత టర్బో రెక్క ముక్కలు, నూనె అందులోనే ఉండిపోతాయి కాబట్టి. స్టార్టు చేసే ముందు టర్బో నూనె రంధ్రంలో కొత్త నూనె పోసి, డీజిల్ అందకుండా చేసి, స్టార్టరుతో కొంతసేపు తిప్పితే బేరింగుకు నూనె చేరుతుంది. ఆ తరువాత కొద్ది నిమిషాలు యాక్సిలరేటర్ తాకకుండా ఐడిల్‌లో వదలాలి. వెయ్యి కిలోమీటర్లకు మళ్లీ అదే రబ్బరు పైపు విప్పి, తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. సన్నని జిడ్డు మాత్రమే అంటితే క్లిప్పు బిగించేయవచ్చు.